రెండు గుంటలు

ముప్పై రెండేండ్లు
ఊరోళ్లందరికి నీళ్లు యాడున్నయో చెప్పిన.
తీగలు పరిచి, నాలుగు ఇనుప మేకులు దిగ్గొట్టి,
మీటరు ముల్లు చూసి
‘ఇక్కడ ఎయ్యిండ్రి, రెండొందల అడుగులు’ అన్న.
ఇప్పుడు మాకోసం ఒక్క అర్ర, రేకులదైనా సరే,
యాడ ఏసుకోవాల్నో తెలుస్తలేదు.

అండాలు నవ్వుతది:
‘కొబ్బరికాయ అరచేతిల పెట్టుకొని నడువు,
అది నిలబడ్డకాడ దిగుదం.’

మొదలు సోమశిల పోయినం.
కొల్లాపూర్ దాటినంక రోడ్డు కిందికి జారి జారి
మలుపుకాడ కృష్ణ ఒక్కసారే ఎదురొచ్చింది.
కుర్మయ్య పుట్టిల కూసోబెట్టి తిప్పిండు.
కొండలు, నీళ్లు, మళ్ల కొండలు. ఇగ ఇదే అనుకున్న.
‘ఎండకాలం వచ్చి చూడు సారూ,
నీళ్లు ఎనక్కి పోయినప్పుడు
మునిగిన ఊరి గోడలు లేస్తయి.
మా నాయన పుట్టిన గడప గూడ.’
అండాలు నీళ్లల్ల ఆడిస్తున్న చెయ్యి
మెల్లగ తీసి కొంగుకు తుడుచుకున్నది.

తర్వాత మన్ననూరు.
పొద్దుగాల సల్లగ ఉంటది, మధ్యాహ్నం గూడ సల్లగనే.
నడిచెటోనికి బాటలున్నయి,
కూసునెటోనికి బండలున్నయి,
ఇప్పపూల వాసన ఊకెనే ఉన్నది.
బయ్యన్న తేనె సీసా మూత బిగిస్త అడిగిండు:
‘అడివిల ఇల్లు కట్టుకుంటరా?’
మూత బిగిసినంక, మమ్మల్ని చూడకుండ అన్నడు:
‘మమ్మల్నేమో బయటికి రమ్మంటున్నరు.’
చీకటి పడకముందే చెక్‌పోస్టు దాటినం.
అచ్చంపేట దాకా ఎవ్వలం మాట్లాడలె.

మర్రిగూడ దిక్కు మా మేనబావ
పుణ్యానికే ఇస్తనన్నడు పది గుంటలు.
మామిడిచెట్టు నీడ, పక్కపొంటి తారురోడ్డు.
ఆ నేలది నాకు పండ్ల పచ్చదనం దగ్గరి నుంచి
మోకాలి వంకర దాకా తెలుసు.
ఆ బోర్ల లెక్కలు రాసిన చెయ్యి ఇదే.
రాసిచ్చిన, జీతం తీసుకున్న.
బావా, వద్దులే అన్న. ఆయనకు కోపమొచ్చింది.

ఆఖరుకు డిండి.
ప్రాజెక్టు అలుగు కనబడే గట్టు మీద
ఏనుగులు పండుకున్నట్టు గుండ్లు,
వాటి నడుమ చారెడు మట్టి.
లింగస్వామి రెండు గుంటలు చూపిచ్చిండు.
చూపిస్త చూపిస్త, రేగుకంప కాలితో పక్కకు తోసిండు:
తుప్పు పట్టిన కేసింగు పైపు.
‘యాదికున్నదా సారూ? మీరు పెట్టిన పాయింటే.
మూడొందల యాభై అడుగులు, బుగ్గి లేసింది.’

యాదికున్నది.
తెల్లటి దుమ్ము కొట్టుకుపోయిన వాని మొఖం,
ఇంకో యాభై ఎయ్యమన్న నా నోరు.

పైపు మీద ఒక బండ పెట్టి ఉన్నది,
పోరగాళ్లు చెయ్యి పెట్టకుండ.
వంగి, ఆ బండ కొంచెం జరిపి, చిన్న రాయి ఏసిన.
చప్పుడు రాలె.

‘ఈడ తాగ నీళ్లు లెవ్వు’ అన్న అండాలుతోని.
ఆమె ఎప్పుడో కిందికి దిగింది.
సొరకాయ బుర్ర నడుముకు కట్టుకొని
పుట్టింటి బాయిల ఈత నేర్చిన మనిషి,
మా పెండ్లయినంక నీళ్లు బిందెల తప్ప చూడలె.
చీర మోకాళ్లకు ఎత్తి పట్టుకొని ఒడ్డున నిలబడ్డది.
నీటికాకి మునిగింది. అది తేలెదాకా
తను గూడ ఊపిరి బిగపట్టింది.

‘తాగెటందుకు డబ్బా తెచ్చుకుందం,’ అని అరిచింది,
‘చూసెటందుకు యాడ తెస్తవు?’

లింగస్వామి బేరం చెప్పిండు. ఎక్కువే చెప్పిండు.
నేను తగ్గియ్యమనలె.
ఆ రాయి ఇంకా కిందికి పోతనే ఉన్నట్టు
చెవి పైపు దిక్కే ఉన్నది.